గిర్రున తిరిగి ఎక్కడ దిగాలి?

మన మన్యంలో మంచంటే పొద్దున్నే కమ్మేసి ఎండెక్కగానే పోయేది. చలిదేశాల్లో అది కొండవాలంతా మందంగా పేరుకుపోతుంది. కాళ్ళకు స్కీలనే పొడవాటి పలకలు బిగించుకొని దానిమీద జారతారు. కొందరైతే మంచుదిబ్బ మీంచి ఎగిరి, గాలిలో తిరిగి దిగుతారు.

2022లో బీజింగ్ శీతాకాల ఒలింపిక్స్‌లో ఐలీన్ గూ అనే 18 ఏళ్ళ అమ్మాయి చైనా తరఫున 1620 డిగ్రీలు తిరిగి బంగారు పతకం గెలిచింది. 1620ని 360తో భాగించండి. నాలుగున్నర చుట్లు!

మరి నేల ఎక్కడుందో ఎలా తెలుస్తుంది? ఒక్క చుట్టే తీసుకుందాం. ఎగరగానే ముందు తల తిరగాలి, తిరిగే వైపు భుజం మీదుగా చూడాలి. తల ఎటో ఒళ్ళూ అటే. సగం చుట్టుకి వీపు దిగే చోటు వైపు ఉంటుంది, అక్కడే భయమేస్తుంది. భయమేసి కాళ్ళకేసి చూశామా, తిరగడం తగ్గిపోద్ది. భుజం మీంచే చూస్తూ ఉంటే, ముప్పావు చుట్టుకల్లా దిగే చోటు కంటపడుతుంది. ఇక చూపు అక్కడే నిలపాలి. నేల ఎంత దగ్గరకొచ్చిందో కనబడితేనే కాళ్ళు ఎప్పుడు చాపాలో తెలిసేది. ఆనగానే మోకాళ్ళు వంచాలి.

నేను స్కీలు లేకుండానే ఇసుకలో ఎగిరి చూశాను. మూడుసార్లు కాళ్ళు చూసుకున్నాను, మూడుసార్లూ పడ్డాను. నాలుగోసారి ఎదురుగా ఉన్న వేపచెట్టు కోసం చూశాను. తూలాను గానీ నిలబడ్డాను. వార్డెనమ్మగారూ, నా మోకాలు గీరుకున్నది అందుకేనండీ, కొట్లాటలో కాదు.