కీళ్ల వాతము – గ్రామములో గుర్తించు విధము

ఖమ్మం మైదానము దాటి భద్రాచలం వైపు సాగు అటవీ గ్రామములలో వేసవి వచ్చినదనిన తునికాకు పని మొదలగును. ఏబది ఆకులను ఒక కట్టగా కట్టి కల్లమునకు చేర్చిననే కూలి దొరకును. ముడి వేయవలసిన వ్రేళ్లు వంగకున్నచో ఆ ఇంటి వేసవి రాబడి తగ్గిపోవును. అట్టి స్త్రీ ఇది పనివలన వచ్చిన వాతమని తలచి ఊరకుండును. కాని కీళ్ల వాతము ఒకే వ్యాధి కాదు. అందు కొన్ని రకములకు ఆలస్యమే ముఖ్యశత్రువు. కావున పంచాయతీ సభ్యులకు ఈ విషయము వివరించుచున్నాము.

కారణములు, లక్షణములు

మొదటిది అరుగుదల వాతము. ఎముకల కొనలను కప్పియుండు మృదులాస్థి క్రమముగా చెడుటచే ఇది కలుగును. నడివయస్సు దాటినవారికి, స్థూలకాయులకు, పూర్వము కీలుకు దెబ్బ తగిలినవారికి, ఏండ్ల తరబడి బరువులు మోసినవారికి ఎక్కువగా వచ్చును. నడచినపుడు నొప్పి హెచ్చి, విశ్రాంతితో తగ్గును. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారము 2019లో సుమారు 52 కోట్ల 80 లక్షలమందికి ఈ వ్యాధి ఉండెను.

రెండవది రుమటాయిడ్ వాతము. శరీరమును కాపాడవలసిన రోగనిరోధక శక్తియే కీళ్ల లోపలి పొరపై తిరుగబడును. స్త్రీలకు అధికము, పొగ త్రాగుట దీనికి దోహదము చేయును. రెండు చేతుల వ్రేళ్ల కణుపులు, మణికట్లు సమానముగా వాచును. అలసట, కొద్దిపాటి జ్వరము ఉండవచ్చును. చికిత్స లేనిచో వ్రేళ్లు వంకరపోవును.

మూడవది గౌట్. రక్తములో యూరిక్ ఆమ్లము పెరుగుటచే, తరచుగా కాలి బొటనవ్రేలు ఒక్క రాత్రిలో వాచి ఎఱ్ఱబడును. మద్యపానము దీనిని హెచ్చించును.

ఇవిగాక, 2005–2006 సంవత్సరములలో మన ప్రాంతములలో వ్యాపించిన చికున్‌గున్యా జ్వరము దోమకాటువలన వచ్చి, కొందరికి నెలల తరబడి కీళ్ల నొప్పులు మిగిల్చును.

అడుగవలసిన ప్రశ్న

“ప్రొద్దున లేచిన పిమ్మట కీళ్ల బిగువు ఎంతసేపటికి వదలును?” అని అడుగుడు. అరగంటలోపల వదలినచో అది అరుగుదల వాతము కావచ్చును. గంటకు మించినచో, వాపు కొన్ని వారములైనను తగ్గనిచో, రుమటాయిడ్ వాతమని అనుమానించి వైద్యునికి చూపవలెను. తొలి నెలలలో మందు మొదలిడినచో కీళ్లను చాలవరకు కాపాడవచ్చును.

రెండు సందర్భములలో జాగు చేయరాదు. ఒకే కీలు వేడెక్కి వాచి తీవ్రజ్వరము వచ్చినచో ఆ దినముననే ఆసుపత్రికి చేర్చవలెను. గొంతునొప్పి వచ్చిన రెండు మూడు వారములకు బాలబాలికలకు ఒక కీలు నుండి మరియొక కీలుకు నొప్పి మారుచున్నచో అది రుమాటిక్ జ్వరము కావచ్చును. అది గుండె కవాటములను చెఱచును.

పంచాయతీ చేయదగిన పని

నొప్పిచోట వాతలు పెట్టుట వలన పుండ్లే మిగులును. పేరు తెలియని ఇంజక్షన్లతో, పొడులతో వెంటనే కలుగు ఉపశమనమును నమ్మరాదు. అందు స్టెరాయిడు ఉన్నచో దీర్ఘకాలమున ఎముకలు గుల్లబారును, రక్తములో చక్కెర పెరుగును. ఈ సంగతి గ్రామసభలో చెప్పుడు. ఆశా కార్యకర్తతో కలిసి, పై ప్రశ్నను ఇంటింట అడిగించి, బిగువు వదలనివారి పేర్లు వ్రాయించుడు. వారిని ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకో, భద్రాచలం ఏరియా ఆసుపత్రికో పంపుటకు బండి ఏర్పాటు చేయుడు. తునికాకు కోత ఆరంభమునకు ముందే ఈ పని ముగించుట మేలు.