ముందు పశువుల సాల, తర్వాతే ర్యాంకు

"మనుషుల డాక్టరు సీటు రాకపోతే పశువుల డాక్టరు సీటైనా వస్తుందిలే." పలాస, టెక్కలి వైపు బైపీసీ పిల్లలున్న ఇళ్లలో ఈ మాట తరచూ వినిపిస్తుంది. దయచేసి ఈ లెక్కతో పశువైద్యంలోకి రాకండి. ఇంటర్న్‌షిప్‌తో కలిపి అయిదున్నరేళ్ల చదువు ఇది. దక్కనిదాన్ని తలుచుకుంటూ అన్నేళ్లు నెట్టుకురావడం ఎవరి తరమూ కాదు.

ఈ వృత్తి ఎంత విశాలమో టెక్కలి దగ్గరి నౌపడ చుట్టుపక్కల చూస్తేనే తెలుస్తుంది. ఉప్పు మళ్లకు దగ్గర్లోనే తేలినీలాపురం. అక్కడి చెట్ల మీద ఏటా గూళ్లు కట్టుకునే పెలికాన్లు 2021 చివర్లో వరసగా చనిపోవడం మొదలైంది. కొద్ది వారాల్లోనే వందకు పైగా రాలిపోయాయి. పక్షుల ఒంట్లో ఏలికపాముల వంటి పరాన్నజీవులు కనిపించాయి. తిన్న చేపల ద్వారా చేరి ఉంటాయని అనుమానించారు. చెట్టు కొమ్మన ఉన్న పక్షికి మందు మింగించలేం కదా! చచ్చినదాన్ని కోసి చూడాలి, పురుగును గుర్తుపట్టాలి, అది ఏ చేపలోంచి, ఏ చెరువులోంచి వచ్చిందో వెతుక్కుంటూ పోవాలి. ఇదీ పశువైద్యమే. ఆ మరుసటి ఏడాది జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలంలో ఓ ఎలుగుబంటి ఒక మనిషిని చంపి, మరికొందరిని గాయపరిచింది. దాన్ని మత్తు ఇచ్చి పట్టుకున్నారు గానీ బతకలేదు. మత్తు మోతాదు, ఎండ, జంతువు భయం, చుట్టూ జనం... ఇన్నింటి మధ్య చెయ్యి తడబడకూడని పని అది.

రోజువారీ పని మాత్రం గేదె దగ్గరే. ఈనిన గేదెకు మాయ పడలేదంటారు, ఆవు నెమరు వెయ్యడం లేదంటారు, పొదుగు వాచిందంటారు. రోగి నోరు విప్పదు. రైతు తనకు ముఖ్యమనిపించిందే చెబుతాడు. మేత ఎప్పుడు మార్చారు, కుడితి తాగిందా, పేడ ఎలా వేస్తోంది అని మీరే ఓపిగ్గా రాబట్టాలి. పశువు మీద ఉన్న అప్పు తెలుసుకుని, వైద్యానికి అయ్యే ఖర్చు, బతికే అవకాశం, రెండూ ఆ రైతుకు దాచకుండా చెప్పాలి. అందుకే, "జంతువులంటే ప్రాణం, మనుషులతోనే పడదు" అనేవాళ్లకు ఈ వృత్తి సరిపడదని నా గట్టి నమ్మకం. ఆడపిల్లలకు ఇది తగదన్న మాట మాత్రం నమ్మకండి. అడ్డం తిరిగిన దూడను సరిచేసి తీయడానికి కావలసింది కండబలం కన్నా ఒడుపు.

దారులు రెండు మూడున్నాయి. డిగ్రీ కావాలంటే తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం కింద కళాశాలలున్నాయి. 1955లో మొదలైన తిరుపతి కళాశాల పాతది, మనకు దగ్గరది గరివిడి. దేశవ్యాప్తంగా 15 శాతం సీట్లను నీట్ ర్యాంకుతో భర్తీ చేస్తారు. ఏ కళాశాలలో చేరినా, భారత పశువైద్య మండలి గుర్తింపు సంగతి ముందే కనుక్కోండి. పదో తరగతి తర్వాత రెండేళ్ల డిప్లొమా ఉంది. త్వరగా సంపాదనలో పడాల్సిన ఇంటికి అది మంచి దారే. అయితే 1984 నాటి చట్టం ప్రకారం డిప్లొమావారు చిన్నపాటి సేవలే చెయ్యగలరు, అదీ డాక్టరు పర్యవేక్షణలో. ఈ తేడా తెలియక చేరి తర్వాత బాధపడొద్దు. గాలికుంటు టీకా తయారీ మీద, పరిశోధన మీద ఆసక్తి ఉంటే హైదరాబాద్‌లో ఇండియన్ ఇమ్యునోలాజికల్స్ వంటి సంస్థలున్నాయి. రొయ్యల చెరువుల మీదే మనసుంటే అది మత్స్యశాస్త్రం. దాని డిగ్రీ వేరు.

సెలవుల్లో దగ్గర్లోని పశువుల ఆసుపత్రికి వెళ్లండి. డాక్టరుగారి అనుమతి తీసుకుని ఉదయం పూట పక్కన నిలబడండి. భుజం దాకా చెయ్యి పెట్టి దూడను తీస్తున్నప్పుడు, కుళ్లిన పుండు కడుగుతున్నప్పుడు ఆ వాసన అందరికీ ఇబ్బందే, అందులో తప్పేం లేదు. తర్వాత ఏం చేస్తారో అడగాలని మీకు అనిపిస్తోందా, లేదా? అది గమనించుకోండి. అమ్మానాన్నలూ, పిల్లలు ఆ పని కళ్లారా చూసి వచ్చాకే ఫీజు కట్టండి.