రెండు వలల పొత్తు

భాగ్యనగరమునకు తూర్పున దిల్‌సుఖ్‌నగర్, ఎల్‌బీ నగర్ అను పేటలు కలవు. విజయవాడ నుండి వచ్చు రాజమార్గము ఎల్‌బీ నగర్ కూడలి మీదుగానే నగరము నడుమకు సాగును. నల్లగొండ, సూర్యాపేట, ఖమ్మము ప్రాంతముల నుండి వచ్చిన యువతీయువకులెందరో దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లలో నివసించుచు, అచ్చటి కోచింగ్ సెంటర్లలో పోటీపరీక్షలకు చదువుచుందురు. అట్టి విద్యార్థి ఒకడు తెల్లవారుజామున చాయ్ బండి ప్రక్కన నిలిచి, చేతిలోని ఫోనులో ఊరనున్న తల్లితో మాటలాడును. మఱునిమిషమున ఆ ఫోనులోనే పాత ప్రశ్నపత్రమును తెరచి చదువుకొనును. తల్లి మాటయు, ప్రశ్నపత్రమును ఒకే త్రోవను వచ్చినవి. ఇది నేడు మనకు వింతగా తోచదు. కాని ఆ త్రోవలో రెండు వేఱువేఱు వలలు కలిసియున్నవి. అవి యెట్లు కలిసినవో, వానిని కలిపిన పొత్తులను మనమెట్లు పరీక్షింపవలెనో తెలిసికొందము.

మొదటి వల టెలిఫోను. అలెగ్జాండర్ గ్రాహమ్ బెల్ 1876 లో దానికి పేటెంటు పొందెను. ఆఱేండ్లకే, అనగా 1882 లో, కలకత్తా, బొంబాయి, మద్రాసు నగరములలో టెలిఫోను ఎక్స్చేంజీలు వెలసినవి. ఆ కాలమున ఎక్స్చేంజీలో కూర్చున్న ఉద్యోగి ఒకరి తీగను మఱియొకరి తీగతో చేతితో కలిపిననే గాని సంభాషణ జరుగదు. పరయూరికి మాటలాడవలెనన్నచో ట్రంకు కాల్ కొఱకు గంటల తరబడి వేచియుండవలసి వచ్చెడిది. 1960 లో లక్నో, కాన్పూరు నగరముల నడుమ నంబరు త్రిప్పి నేరుగా మాటలాడు ఏర్పాటు మన దేశమున మొదటిసారిగా కలిగెను. ఇట్లు నూఱేండ్లకు పైగా స్తంభములు నాటి, తీగలు లాగి, దేశమంతట ఈ వలను అల్లిరి.

రెండవ వల ఇంటర్నెట్. ఇది కంప్యూటర్లను కలుపు వల. పాత టెలిఫోను పద్ధతిలో ఇద్దరు మాటలాడునంత సేపు ఒక త్రోవ వారి కొఱకే కేటాయింపబడి యుండును. ఇంటర్నెట్ అట్లు కాదు. పంపదలచిన సమాచారమును చిన్న చిన్న పొట్లములుగా విడదీసి, ప్రతి పొట్లముపై చేరవలసిన చిరునామా నుంచి పంపుదురు. ఒకే త్రోవలో వేలమంది పొట్లములు కలిసి ప్రయాణించును. గమ్యము చేరిన పిమ్మట అవి మరల వరుసగా కూర్చబడును.

1995 ఆగస్టు 15 న విదేశ్ సంచార్ నిగమ్ అను ప్రభుత్వ సంస్థ ఇంటర్నెట్‌ను మన దేశ ప్రజలకు అందుబాటులోనికి తెచ్చెను. ఐతే ఇండ్లకు ప్రత్యేకముగా ఇంటర్నెట్ తీగలు లేవు. ఉన్నది టెలిఫోను తీగయే. కావున మోడెమ్ అను చిన్న పెట్టె కంప్యూటరు అంకెలను ధ్వనులుగా మార్చి ఆ తీగమీద పంపెడిది. ఆవలి మోడెమ్ ఆ ధ్వనులను తిరిగి అంకెలుగా మార్చెడిది. అది పనిచేయునంత సేపు ఆ ఇంటి టెలిఫోను మ్రోగెడిది కాదు. తరువాత వచ్చిన బ్రాడ్‌బ్యాండ్ పద్ధతిలో మాటయు, సమాచారమును ఒకే తీగమీద ఒకేసారి నడువసాగినవి.

మన పెద్దలు అంధపంగు న్యాయమని ఒకటి చెప్పుదురు. చూపులేనివాడొకడు, నడవలేనివాడొకడు అడవిలో చిక్కుకొనిరట. చూపులేనివాని భుజములపై నడవలేనివాడు కూర్చుండి త్రోవ చెప్పెను. ఇద్దరును క్షేమముగా ఊరు చేరిరి. టెలిఫోను సంస్థలకు కాళ్లు కలవు. అనగా ఊరూరికి త్రోవలు కలవు. ఇంటర్నెట్ సంస్థలకు చూపు కలదు. అనగా వెదకిన విషయమును ఎదుట నిలుపు నేర్పు కలదు. ఒకరికి మఱియొకరు కావలసియుండుటచే పొత్తులు కుదిరినవి. కాని భుజములపై కూర్చున్నవాడు తనకు లాభమైన త్రోవనే చూపినచో ఏమగును?

ఈ ప్రశ్న నిజముగానే మన ముందునకు వచ్చెను. 2015 ఫిబ్రవరిలో ఫేస్‌బుక్ సంస్థ రిలయన్స్ కమ్యూనికేషన్స్ అను టెలిఫోను సంస్థతో కలిసి ఒక పథకమును ప్రారంభించెను. అది మొదట అమలైన ప్రాంతములలో తెలంగాణము, ఆంధ్రప్రదేశము కూడ కలవు. దానికే తరువాత ఫ్రీ బేసిక్స్ అని పేరు పెట్టిరి. ఆ టెలిఫోను చందాదారులు, ఎంపిక చేసిన కొన్ని వెబ్‌సైట్లను మాత్రము ఉచితముగా చూడవచ్చును. తక్కినవానికి రుసుము చెల్లింపవలెను. ఏమియు లేనివానికి కొంతయైనను దొరకుట మేలు కదా యని దానిని సమర్థించినవారు వాదించిరి. ఆ మాటలో కొంత న్యాయము లేకపోలేదు. ఐనను ఆలోచింపుడు. గ్రంథాలయమునకు వచ్చిన పేదబాలునికి ఒక్క అలమర మాత్రము తెరచి, తక్కినవానికి తాళము వేసినచో, వాడు ఏమి చదువవలెనో తాళము చేతనున్నవాడే నిర్ణయించినట్లగును. దేశమంతట దీనిపై చర్చ జరిగెను. 2016 ఫిబ్రవరి 8 న టెలికాం నియంత్రణ సంస్థయగు ట్రాయ్, చూచెడి విషయమును బట్టి వేఱువేఱు ధరలు పెట్టరాదని నిబంధన చేసెను. అంతటితో ఆ పథకము మన దేశమున నిలిచిపోయెను.

ఆ యేడే మఱియొక పొత్తు మన నగరమునకు వచ్చెను. దిల్‌సుఖ్‌నగర్ నుండి మలక్‌పేట మీదుగా పోయి, చాదర్‌ఘాట్ వద్ద మూసీనది దాటి కొంత దూరమేగినచో కాచిగూడ రైల్వేస్టేషను వచ్చును. నిజాము కాలమున 1916 లో కట్టిన భవనమది. రైళ్లు నడుపుటకు ఇంజనుతోపాటు మాటయు కావలెను. బండి బయలుదేరక మునుపే ముందటి స్టేషను వఱకు మార్గము ఖాళీగా నున్నదో లేదో తెలియవలెను గదా! అందుచే రైల్వేవారు పట్టాల వెంట తమ స్వంత తంతి, టెలిఫోను తీగలు వేసికొనిరి. 2000 లో రైల్‌టెల్ అను ప్రభుత్వరంగ సంస్థ ఏర్పడి, పట్టాల వెంట గాజుపోగులు పఱచెను. ఈ పోగు దాదాపు తలవెండ్రుకంత సన్ననిది. దానిలో విద్యుత్తునకు బదులు వెలుగు ప్రయాణించును. రైల్వే అవసరములు తీరిన పిదపను దానిలో ఎంతో చోటు మిగిలెను.

ఆ మిగులును ప్రయాణికులకు పంచుటకై గూగుల్ సంస్థ రైల్‌టెల్‌తో పొత్తు కుదుర్చుకొనెను. గాజుపోగు త్రోవ రైల్‌టెల్‌ది. స్టేషనులో వైఫై ఏర్పాటు గూగుల్‌ది. 2016 జనవరిలో ముంబయి సెంట్రల్‌లో మొదలైన ఈ సేవ ఏప్రిల్ నెలలో కాచిగూడ, విజయవాడ, విశాఖపట్నము, ఎర్ణాకుళము మున్నగు స్టేషన్లకు వచ్చెను. ఇందు ఒక అలమర మాత్రము తెరచుట లేదు. ఇంటర్నెట్ అంతయు తెరచియుండెను. ఎర్ణాకుళము స్టేషనులో మూటలు మోయు కూలీ యొకడు, పని చేయుచునే ఆ వైఫై సాయమున ఫోనులో పాఠములు విని, కేరళ పబ్లిక్ సర్వీసు కమీషను వ్రాతపరీక్షలో ఉత్తీర్ణుడైనట్లు 2018 లో పత్రికలు ప్రకటించినవి. నెత్తిన మూట, చెవిలో పాఠము! పొత్తు ఫలించుట యనగా ఇదియే.

2018 నాటికి ఈ సేవ 400 స్టేషన్లకు వ్యాపించెను. ఇంతలో మొబైలు ఇంటర్నెట్ మిక్కిలి చవుకయ్యెను. ఇక తమ అవసరము తగ్గినదని గూగుల్ 2020 లో పొత్తు విరమించుకొనెను. ఐనను స్టేషన్లలో సేవ ఆగలేదు. త్రోవ రైల్వేది కావుననే, తోడు వెళ్లినను ప్రయాణము సాగెను. 2021 నాటికి రైల్‌టెల్ ఆఱువేల స్టేషన్లలో వైఫై నెలకొల్పెను. కాని ప్రతిదినము మొదటి అరగంట మాత్రమే ఉచితమనియు, ఆపైన రుసుము చెల్లింపవలెననియు ఆ యేడు ఏర్పాటు చేసిరి.

నేడు పొత్తులు ఇంకను పెద్దవైనవి. 2020 లో జియో ప్లాట్‌ఫామ్స్ అను సంస్థలో ఫేస్‌బుక్ 43,574 కోట్ల రూపాయలతోను, గూగుల్ 33,737 కోట్ల రూపాయలతోను వాటాలు తీసికొనినవి. అనగా చూపు గలవారు కాళ్లలోను భాగస్వాములైరి. దీనిని మంచియనియో చెడ్డయనియో తొందరపడి పలుకరాదు. రెండు ప్రశ్నలు వేసి చూడవలెను. త్రోవ అందఱికిని, అన్ని వైపులకును తెరచియున్నదా? పొత్తు విడిపోయిన నాడు ప్రజలకు మిగులునదేమి?

దిల్‌సుఖ్‌నగర్ చాయ్ బండి ప్రక్కనున్న విద్యార్థికి ఈ లెక్కలు తెలియకపోవచ్చును. కాని అతడు తెరచిన ప్రశ్నపత్రము తెరచుకొనుట, తెరచుకొనకపోవుట ఈ ప్రశ్నల మీదనే ఆధారపడి యున్నది. రేపు ఆ స్థానమున నిలుచువారు మీరే.

ప్రశ్నలు

1. పాత టెలిఫోను పద్ధతికిని, ఇంటర్నెట్ పద్ధతికిని గల భేదమును వివరింపుడు.
2. 2015 నాటి పొత్తునకును, కాచిగూడ స్టేషనులోని పొత్తునకును గల తారతమ్యమేమి?
3. అంధపంగు న్యాయమునకు మీ ఊరిలో మీరు చూచిన ఉదాహరణము నొకదానిని వ్రాయుడు.