చుక్క చెప్పే నిజం: ఇంధనాలు, నూనెల నాణ్యతను పట్టిచ్చే పరికరాలు

పెట్రోలు బంకులో బండి ఆపగానే మనం చూసేది మీటరు మీద సున్నా. అది చూస్తే పరిమాణం సంగతి తేలుతుంది. మరి నాణ్యత? మంచి పెట్రోలు, కల్తీ పెట్రోలు కంటికి దాదాపు ఒకేలా కనిపిస్తాయి. ఇంజిన్ ఆయిల్, ట్రాన్స్‌ఫార్మర్ నూనె విషయమూ అంతే. పాడైన సంగతి చాలాసార్లు యంత్రం ఆగిపోయాకే తెలుస్తుంది.

ద్రవాల గుణం పెంచడానికీ, దాన్ని కనిపెట్టుకుని ఉండడానికీ వందేళ్లుగా ఎన్నో ఆవిష్కరణలు వచ్చాయి. కొన్ని మేలు చేశాయి, కొన్ని కొత్త సమస్యలు తెచ్చాయి. వాటిలో మన నిత్యజీవితానికి దగ్గరగా ఉన్న వాటిని చూద్దాం.

బంకులో ఆర్కిమెడిస్

ప్రతి బంకులోనూ ఒక గాజు జాడీ, ఒక థర్మామీటరు, ఒక హైడ్రోమీటరు ఉండాలి. వినియోగదారు అడిగితే వాటితో సాంద్రత కొలిచి చూపించాలి. హైడ్రోమీటరు అంటే అడుగున బరువు పెట్టి మూసేసిన గాజు గొట్టం. తేలే వస్తువు తన బరువుకు సమానమైన ద్రవాన్ని పక్కకు తోస్తుందన్న ఆర్కిమెడిస్ సూత్రమే దీనికి ఆధారం. ద్రవం పల్చనైతే గొట్టం ఎక్కువ మునుగుతుంది, చిక్కనైతే తక్కువ మునుగుతుంది. మునిగిన చోట గీత మీద అంకె చదివితే సాంద్రత తెలుస్తుంది.

అయితే వేడికి ద్రవం వ్యాకోచిస్తుంది, సాంద్రత తగ్గుతుంది. అందుకే లెక్కను 15 డిగ్రీల సెల్సియస్‌కు మార్చి చూస్తారు. పెట్రోలు సాంద్రత డిగ్రీకి సుమారు 0.9 చొప్పున తగ్గుతుంది. 15 డిగ్రీల దగ్గర ఘనపు మీటరుకు 745 కిలోలున్న పెట్రోలు, 35 డిగ్రీల మధ్యాహ్నం దాదాపు 727 చూపిస్తుంది. అది చూసి కల్తీ అనుకోకూడదు. బంకు సిబ్బంది దగ్గరున్న పట్టికతో 15 డిగ్రీల విలువ కట్టి, ట్యాంకరుతో వచ్చిన పత్రంలోని విలువతో పోల్చాలి. రెండింటి మధ్య తేడా 3 దాటితే అనుమానించాలి.

ఈ పరీక్షకు ఒక హద్దు ఉంది. 830 సాంద్రత ఉన్న డీజిల్‌లో 800 సాంద్రత ఉన్న కిరోసిన్ 20 శాతం కలిపారనుకుందాం. మిశ్రమం సాంద్రత 824 అవుతుంది. తేడా 6 కాబట్టి దొరికిపోతుంది. 10 శాతమే కలిపితే తేడా సరిగ్గా 3, అంటే హద్దులోనే ఉంటుంది. పెట్రోలులో బరువైన కిరోసిన్‌తో పాటు తేలికైన ద్రావణిని కూడా కలిపి సాంద్రతను సరిచేసే మోసగాళ్లూ ఉంటారు. ఒక్క అంకెను నమ్ముకుంటే ఆ అంకెను ఎలా మాయ చేయాలో నేర్చుకునేవాళ్లు పుట్టుకొస్తారు.

అందుకే రెండో పరీక్ష ఉంది. నాజిల్ మూతిని శుభ్రంగా తుడిచి, వడపోత కాగితం మీద ఒక చుక్క పెట్రోలు వేస్తారు. మంచి పెట్రోలు రెండు నిమిషాల్లో ఆవిరైపోతుంది. రంగు వల్ల లేత గులాబీ ఛాయ మిగిలితే పర్వాలేదు. జిడ్డు మరక మిగిలితే బరువైన నూనె ఏదో కలిసిందన్నమాట. ప్రయోగశాలలో ఇదే ఆలోచనను స్వేదన పరీక్షగా చేస్తారు. మన ప్రమాణాల ప్రకారం పెట్రోలు 210 డిగ్రీలలోపు పూర్తిగా మరిగిపోవాలి. కిరోసిన్‌లో అంతకంటే ఎక్కువ వేడి దగ్గర మరిగే భాగాలు ఉంటాయి కనుక చివరి మరుగు స్థానం పైకి జరుగుతుంది.

కల్తీ వెనుక ధరల తేడా

కల్తీని తూకంలో చేసే చిన్న మోసంలా చూడలేం. డీజిల్‌లో కిరోసిన్ కలిస్తే జిగట తగ్గి ఇంజక్షన్ పంపు అరుగుతుంది. పెట్రోలులో కలిస్తే ఆక్టేన్ పడిపోతుంది, పొగ పెరుగుతుంది. ఆ పొగ పీల్చేది రోడ్డు మీద నడిచే అందరూ.

2005 నవంబరులో ఉత్తరప్రదేశ్‌లోని లఖీంపూర్ ఖేరీ జిల్లాలో, కల్తీ బంకుపై చర్య తీసుకున్న ఇండియన్ ఆయిల్ అధికారి మంజునాథ్ షణ్ముగం హత్యకు గురయ్యారు. ఆయన వయసు 27 ఏళ్లు. ఆ మరుసటి ఏడు కిరోసిన్‌లో ఒక రసాయన గుర్తును కలపడం మొదలుపెట్టారు. కిరోసిన్‌కు అంతకుముందు వేసే నీలి రంగు బంకమట్టి, బొగ్గు వంటి వాటితో వడపోస్తే పోతుంది. కంటికి కనిపించకుండా, కొద్ది మోతాదులోనే పని చేస్తూ, ఎంత వడపోసినా పోని గుర్తు కావాలన్నది ఆలోచన. ఆచరణలో ఆ పథకం రెండుమూడేళ్లకే ఆగిపోయింది.

తర్వాత కిరోసిన్ మీద రాయితీ క్రమంగా తగ్గి, 2020 నాటికి లేకుండా పోయింది. రెండింటి ధరల మధ్య ఉన్న ఆ పెద్ద తేడాయే కల్తీకి మూలం. పరికరం దొంగను పట్టివ్వగలదు, దొంగతనంలో ఉన్న లాభాన్ని మాత్రం తీసేయలేదు.

టకటక శబ్దం తెచ్చిన విషం

పెట్రోలు ఇంజిన్‌లో స్పార్క్ దగ్గర మొదలైన మంట వరుసగా పాకాలి. మంట చేరకముందే మిగిలిన మిశ్రమం వేడికి, ఒత్తిడికి తనంతట తానే అంటుకుంటే టకటకమని శబ్దం వస్తుంది. దీన్నే నాకింగ్ అంటారు. దీన్ని తట్టుకునే శక్తికి కొలమానం ఆక్టేన్ సంఖ్య.

1921లో అమెరికాలోని జనరల్ మోటార్స్ ఇంజినీరు థామస్ మిడ్‌గ్లీ, టెట్రాఇథైల్ లెడ్ అనే సీసపు సమ్మేళనాన్ని అతి కొద్దిగా కలిపితే నాకింగ్ ఆగిపోతుందని కనుగొన్నారు. 1923లో అది అమ్మకానికి వచ్చింది. 1924లో న్యూజెర్సీలోని ఒక శుద్ధి కర్మాగారంలో సీసపు విషానికి ఐదుగురు కార్మికులు చనిపోయారు. అయినా వాడకం ఆగలేదు. ఆల్కహాల్‌కూ నాకింగ్‌ను ఆపే గుణం ఉందని అప్పటికే తెలిసినా, మార్కెట్ సీసాన్నే ఎంచుకుంది.

సీసం పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. మన దేశంలో 1990ల మధ్య నుంచి దశలవారీగా తగ్గించి, 2000 ఫిబ్రవరి నుంచి అంతటా సీసం లేని పెట్రోలే అమ్ముతున్నారు. ప్రపంచంలో చివరిగా అల్జీరియా 2021లో మానేసింది. అంటే ఒక ఆవిష్కరణను వెనక్కి తీసుకోవడానికి దాదాపు వందేళ్లు పట్టింది.

ఇథనాల్: బలం ఒకటి, పేచీ ఒకటి

ఆనాడు పక్కన పెట్టిన ఆల్కహాల్ ఇప్పుడు మన ట్యాంకుల్లోకి వచ్చింది. 2022లో దేశం 10 శాతం ఇథనాల్ మిశ్రమానికి చేరింది. 20 శాతం మిశ్రమమైన ఈ20 అమ్మకాలు 2023 ఫిబ్రవరిలో మొదలయ్యాయి. మామూలు పెట్రోలు ఆక్టేన్ 91 అయితే ఈ20కి 95.

ఇప్పుడు లెక్క చూద్దాం. లీటరు పెట్రోలులో సుమారు 32 మెగాజౌళ్ల శక్తి ఉంటే, లీటరు ఇథనాల్‌లో 21 ఉంటుంది. 20 శాతం కలిపితే లీటరు శక్తి 29.8కి, అంటే దాదాపు 7 శాతం తగ్గుతుంది. ఎక్కువ ఆక్టేన్‌కు తగ్గట్టు రూపొందించిన ఇంజిన్లు ఇందులో కొంత తిరిగి రాబట్టుకోగలవు. పాత బండ్లలో ఆ వెసులుబాటు ఉండదు. ఇథనాల్ తగిలితే కొన్ని రకాల పాత రబ్బరు భాగాలు ఉబ్బి పాడవుతాయి కూడా.

ఇక పేచీ నీటితో. నీరు మామూలు పెట్రోలులో కలవదు, అడుగున విడిగా ఉండిపోతుంది. ఇథనాల్ మాత్రం నీటిని ఇష్టంగా కలుపుకుంటుంది. 10 శాతం మిశ్రమం సుమారు అర శాతం నీటిని దాచుకోగలదు. ఇథనాల్ పెరిగితే ఈ హద్దు కొంత పెరుగుతుంది, చల్లబడితే తగ్గుతుంది. హద్దు దాటితే ఇథనాల్, నీరు కలిసి పెట్రోలును వదిలి అడుగుకు దిగిపోతాయి. ఇంజిన్‌కు వెళ్లే గొట్టం తరచుగా అడుగు నుంచే పీల్చుకుంటుంది కాబట్టి బండి ఆగిపోతుంది. అందుకే బంకుల భూగర్భ ట్యాంకుల్లో కొలకర్రకు నీరు తగిలితే రంగు మారే పేస్టు పూసి చూస్తుంటారు. వానాకాలంలో ఇది మరీ అవసరం.

ఇథనాల్ శాతాన్ని కొలవడానికి విద్యుత్ గుణం ఒకటి చక్కగా పనికొస్తుంది. రెండు లోహపు పలకల మధ్య ద్రవం ఉంచితే అది కెపాసిటర్ అవుతుంది. పలకల మధ్య ఏముందో దాన్ని బట్టి ఆవేశాన్ని నిల్వ చేసే సామర్థ్యం మారుతుంది. దీన్ని నిర్ణయించే రోధక స్థిరాంకం పెట్రోలుకు సుమారు 2, ఇథనాల్‌కు 25, నీటికి 80. ఇంత పెద్ద తేడా ఉంది కాబట్టి గొట్టంలో అమర్చిన చిన్న సెన్సర్ కూడా ఇథనాల్ ఎంతుందో పసిగడుతుంది. ఏ మిశ్రమంతోనైనా నడిచే ఫ్లెక్స్ ఫ్యూయల్ కార్లు ఇలాంటి సెన్సర్‌ను చూసే ఇంధన మోతాదును సరిచేసుకుంటాయి.

గంధకం తీస్తే మెత్తదనం పోయింది

మన దేశంలో 1990ల మొదట్లో డీజిల్‌లో 1 శాతం దాకా గంధకాన్ని అనుమతించేవారు. 2020 ఏప్రిల్ 1 నుంచి అమలవుతున్న బీఎస్-6 ప్రమాణంలో అది 10 పీపీఎం, అంటే పది లక్షల భాగాల్లో పది భాగాలు. గాలికి ఇది గొప్ప మేలు. అయితే హైడ్రోజన్‌తో గంధకాన్ని తొలగించేటప్పుడు లోహాలకు అంటుకుని రాపిడిని తగ్గించే కొన్ని సహజ పదార్థాలూ పోతాయి. 1990ల ఆరంభంలో స్వీడన్ తక్కువ గంధకపు డీజిల్ తెచ్చినప్పుడు ఇంజక్షన్ పంపులు త్వరగా అరిగిపోయాయి.

దాంతో ఒక పరీక్ష పుట్టింది. 60 డిగ్రీల డీజిల్‌లో మునిగి ఉన్న ఉక్కు పలక మీద 6 మిల్లీమీటర్ల ఉక్కు గుండును సెకనుకు 50 సార్లు చొప్పున 75 నిమిషాలు రుద్దుతారు. గుండు మీద పడిన మచ్చ 460 మైక్రాన్లు దాటకూడదు. దాటితే రాపిడిని తగ్గించే సంకలనాలు కలుపుతారు. ఒక గుణం మెరుగుపరిస్తే మరో గుణం మీద కన్నేసి ఉంచాలన్న పాఠం ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది.

ఇంజిన్‌కు రక్తపరీక్ష

డాక్టరు రక్తం చూసి రోగం చెప్పినట్టు, ఇంజిన్ ఆయిల్ చూసి ఇంజిన్ ఆరోగ్యం చెప్పవచ్చు. 1940లలో అమెరికా రైల్వేలు డీజిల్ ఇంజిన్ల నూనెను వర్ణపటంతో పరీక్షించడం మొదలుపెట్టాయి. నూనెను విద్యుత్ మెరుపులో మండిస్తే అందులోని ప్రతి మూలకమూ తనదైన రంగుల కాంతిని వెదజల్లుతుంది. ఇనుము పెరిగితే సిలిండర్ గోడలు, రాగి, సీసం, తగరం పెరిగితే బేరింగులు అరుగుతున్నాయని అర్థం. సిలికాన్ పెరిగితే గాలి ఫిల్టరు దాటి దుమ్ము వస్తోంది. సోడియం పెరిగితే చల్లబరిచే నీరు నూనెలోకి కారుతూ ఉండవచ్చు. మన కాజీపేట, గుత్తి వంటి డీజిల్ లోకో షెడ్లు ఉన్న రైల్వేలోనూ ఈ పరీక్ష నిర్వహణలో భాగమే.

ఇక్కడ ఒక్కసారి వచ్చిన అంకె కంటే దాని నడకే ముఖ్యం. నెలనెలా నిలకడగా ఉన్న ఇనుము ఒక్కసారిగా రెట్టింపైతే జాగ్రత్త పడాలి. పైగా కొన్ని మైక్రాన్ల కంటే పెద్ద రేణువులను వర్ణపటమాపకం సరిగా చూడలేదు. ఈ లోటు తీర్చడానికి 1970లలో ఫెర్రోగ్రఫీ వచ్చింది. ఇందులో అయస్కాంతంతో ఇనుప రేణువులను గాజు పలక మీద వరుసగా పేర్చి, సూక్ష్మదర్శినిలో వాటి ఆకారం చూస్తారు. మామూలు అరుగుదలకు సన్నని పొరల్లాంటి రేణువులు, కోతకు మెలికలు తిరిగిన తీగల్లాంటివి కనిపిస్తాయి.

ట్రాన్స్‌ఫార్మర్ ఊపిరి

ట్రాన్స్‌ఫార్మర్‌లోని నూనె వేడిని మోస్తుంది, విద్యుత్తును అడ్డుకుంటుంది. నూనె ఎక్కువ వేడెక్కితే దాని అణువులు విరిగి వాయువులు పుడతాయి. ఎంత వేడికి ఏ వాయువు పుడుతుందో తెలుసు కాబట్టి, నూనెలో కరిగిన వాయువులే లోపలి లోపాన్ని చెబుతాయి. చిన్న చిన్న విద్యుత్ ఉత్సర్గలకు హైడ్రోజన్, బాగా వేడెక్కితే ఇథిలీన్, పెద్ద మెరుపు కొడితే ఎసిటిలీన్, లోపలి కాగితం కాలుతుంటే కార్బన్ మోనాక్సైడ్ వస్తాయి. కెనడాకు చెందిన మిషెల్ డ్యూవాల్ 1970లలో మీథేన్, ఇథిలీన్, ఎసిటిలీన్ నిష్పత్తులను ఒక త్రిభుజంలో గుర్తించి, చుక్క ఏ భాగంలో పడితే ఏ లోపమో చెప్పే పద్ధతి ఇచ్చారు. నేటికీ ఇంజినీర్లు దాన్ని వాడుతున్నారు.

ఇక్కడా సీసం లాంటి కథ ఒకటి ఉంది. మంట అంటుకోని నూనెగా 1929 నుంచి తయారైన పీసీబీలు శరీరంలో పేరుకుపోయే విషమని తర్వాత తేలింది. స్టాక్‌హోమ్ ఒప్పందం 2025 నాటికి పరికరాల్లో వాటి వాడకం ఆపాలని గడువు పెట్టింది. ఇప్పుడు వాటి బదులు మొక్కల నూనెల నుంచి చేసిన ఎస్టర్ ద్రవాలు వస్తున్నాయి. మినరల్ ఆయిల్ కంటే ఇవి చాలా ఎక్కువ వేడి దగ్గర గాని మండవు.

పొలాల దగ్గరి చిన్న ట్రాన్స్‌ఫార్మర్లకు ఈ హంగులన్నీ ఉండవు. అయినా చాలా వాటికి పక్కన సిలికాజెల్ సీసా వేలాడుతూ ఉంటుంది. ట్రాన్స్‌ఫార్మర్ పీల్చే గాలిలోని తేమను అది పట్టుకుంటుంది. నీలి గింజలు గులాబీ రంగుకు మారాయంటే గింజలు తేమతో నిండాయని, ఇక తేమ లోపలికి పోతోందని అర్థం. నారు ఎండే రోజుల్లో ట్రాన్స్‌ఫార్మర్ కాలితే ఎంత నష్టమో రైతుకు వేరే చెప్పక్కర్లేదు. ఆ రంగు మారినప్పుడే లైన్‌మన్‌కు చెబితే కొన్ని ప్రమాదాలైనా తప్పుతాయి. దగ్గరకు వెళ్లి ముట్టుకోకూడదు, దూరం నుంచి చూసి చెబితే చాలు.

మనం చేయగలిగింది

బంకులో సాంద్రత పరీక్ష, వడపోత కాగితం పరీక్ష, 5 లీటర్ల కొలపాత్రతో పరిమాణం పరీక్ష అడగడం మన హక్కు. ఇంట్లో మాత్రం పెట్రోలుతో ప్రయోగాలు చేయకూడదు. బండిని వారాల తరబడి వదిలేసేటప్పుడు ట్యాంకు మూత సరిగా బిగిసిందో లేదో చూసుకోవాలి. ట్రాక్టరు గాలి ఫిల్టరును సమయానికి మారిస్తే నూనెలోకి దుమ్ము చేరదు.

సీసం, పీసీబీల కథల్లో తప్పు జరిగింది కొలవడం ఆలస్యమైనందువల్ల, కొలిచినవాళ్ల మాట వినడం ఇంకా ఆలస్యమైనందువల్ల. కొత్త ఇంధనం ఏది వచ్చినా అది ఏం మెరుగు చేస్తుందన్న ప్రశ్నతో పాటు, ఏం పాడు చేస్తోందో ఎవరు, దేనితో కొలుస్తున్నారన్న ప్రశ్న కూడా మొదటి రోజే అడగాలి.