విమానపు రెక్క ఎంత మోయగలదు?
(ఇంట కట్టిన చిన్న విమానముల బలమును గూర్చిన పాఠము)

విమానమనగానే పెద్ద కర్మాగారము, వేలకొలది పనివారు మన మనస్సునకు తట్టుదురు. కాని విమానచరిత్ర కర్మాగారమున మొదలు కాలేదు. 1903 డిసెంబరు 17వ తేదీన ఎగిరిన రైటు సోదరుల విమానము ఒక సైకిళ్ల దుకాణమున రూపొందినది. శాంతోస్ డ్యూమాంట్ అను బ్రెజిల్ దేశీయుడు ఫ్రాన్సులో నిర్మించిన ‘దెమొసెల్’ అను చిన్న విమానపు పటములు 1910లో ఒక అమెరికా పత్రికలో వెలువడినవి. వానిని చూచి ఎవరైనను కట్టుకొనవచ్చును. 1953లో పాల్ పోబరెజ్నీ అను వైమానికుడు అమెరికాలోని మిల్వాకీ నగరమున ఇట్టి ఔత్సాహికుల సంఘమును స్థాపించెను. నేడును ఆ దేశమున అనేకులు తీరిక వేళలందు తమ ఇంటి కొట్టములలో విమానములు కట్టుకొనుచున్నారు.

అచటి నియమము ప్రకారము ఇట్టి విమానపు పనిలో సగమునకు మించి ఔత్సాహికుల చేతులమీదుగనే జరుగవలెను. కర్మాగారపు విమానమువలె దాని నమూనా బలమును ప్రభుత్వమునకు ముందుగా నిరూపింప నక్కరలేదు. కావున “ఈ రెక్క ఎంత మోయును?” అను ప్రశ్నకు కట్టినవాడే జవాబు చెప్పుకొనవలెను. ఆ జవాబు తప్పినచో ప్రాణము పోగొట్టుకొనువాడును సాధారణముగా అతడే. ఆ లెక్క ఎట్లు వేయుదురో ఈ పాఠమున తెలిసికొందము.

బరువు వేఱు, భారము వేఱు

బావిలోనుండి నీళ్లు తోడునపుడు చేదను మెల్లగా లాగినచో పాత చేంతాడైనను నిలుచును. ఒక్క ఉదుటున లాగినచో అదే త్రాడు పుటుక్కున తెగును. చేదలోని నీరు పెరుగలేదు, త్రాడుపై పడిన భారము మాత్రము పెరిగినది.

రెక్కల సంగతియు నిట్టిదే. విమానము నిలకడగా తిన్నగా ఎగురునపుడు రెక్కలు దాని బరువునకు సమానమైన భారమును మోయును. ముక్కును ఒక్కసారిగా పైకెత్తినను, ఒరిగి మలుపు తిరిగినను, క్రిందనుండి గాలి విసురు తగిలినను ఆ భారము బరువునకు ఎన్నో రెట్లగును. ఎన్ని రెట్లైనదో చెప్పు సంఖ్యను ‘భార గుణకము’ అందుము. ఎత్తు తగ్గకుండ మలుపు తిరుగు విమానమునకు ఈ గుణకము ఒరిగిన కోణపు సీకెంటునకు సమానము. 60 డిగ్రీలు ఒరిగినచో గుణకము 2. 75 డిగ్రీలు ఒరిగినచో 3.86. త్రికోణమితి దేనికి పనికివచ్చునని అడుగువారికి ఇదియొక సమాధానము.

రెండు హద్దులు

అమెరికా నియమములందు చిరకాలము నిలిచిన లెక్క ప్రకారము సాధారణపు చిన్న విమానము 3.8 రెట్ల భారమును తట్టుకొనవలెను. గాలిలో పల్టీలు కొట్టు విమానమునకు ఈ సంఖ్య 6. దీనిని ‘పరిమిత భారము’ అందుము. ఇంతవరకు మోసి దించిన పిమ్మట రెక్క తన పూర్వరూపమునకు రావలెను. వెదురుబద్దను కొంత వంచి విడిచినచో మరల నిటారుగా నిలుచును. ఇనుపతీగను వంచినచో వంగియే యుండును. పరిమిత భారము క్రింద రెక్క వెదురుబద్దవలె నుండవలెను గాని ఇనుపతీగవలె కారాదు.

రెండవది ‘అంత్య భారము’. ఇది పరిమిత భారమునకు ఒకటిన్నర రెట్లు. సాధారణ విమానమునకు 3.8 × 1.5 = 5.7 రెట్లు. ఈ భారము క్రింద రెక్క వంగి తిరిగి రాకపోయినను పోవచ్చును, కాని కనీసము 3 సెకనులు విరుగక నిలువవలెను. అతుకులకును కీలకపు బిగింపులకును వేరుగా మరి 1.15 రెట్ల బలమును కోరుదురు. ఇరుసు ఎంత గట్టిదైనను కడచీల ఊడినచో బండి నిలువదు గదా!

ఆ ఒకటిన్నర ఎవరి సొత్తు?

పాఠమంతటిలో ముఖ్యమైన ప్రశ్న యిదియే. “3.8 అని వ్రాసినను 5.7 వరకు విరుగదు గదా, కొంచెము మించిననేమి?” అని తోచుట సహజము. ఈ ఆలోచనయే ప్రమాదము.

ఒకే చెట్టునుండి కోసిన రెండు కొయ్యపట్టీలు సమానమైన బలము గలవి కావు. జిగురు ఒకచోట చక్కగా అంటును, వేరొకచోట తేమవలన విడును. రంధ్రము వెండ్రుకవాసి పెద్దదైనచో బోల్టు కదలును. ఎండవానలకును, సంవత్సరముల వాడుకకును లోహము అలసిపోవును. లెక్కలందును కొంత స్థూలత్వము తప్పదు. కంటికి కానరాని ఈ లోపములన్నియు ఆ ఒకటిన్నరలోనే వాటా తీసికొనును. కాబట్టి అది నడుపువాని వాడుకకై దాచిన మిగులు కాదు, తెలియని కొరతలకై ముందే కట్టిపెట్టిన సొమ్ము.

ఒక లెక్క చూతము. పూర్తి బరువు 600 కిలోలుగా నిర్ణయించిన విమానపు పరిమిత భారము 600 × 3.8 = 2280 కిలోలు. అంత్య భారము 3420 కిలోలు. యజమాని సామాను పెంచి బరువును 720 కిలోలు చేసెననుకొందము. రెక్క బలము పెరుగదు గాన పరిమిత గుణకము 2280 ÷ 720 = 3.17కు దిగును. అది యెరుగక అతడు 3.8 వరకు పోయినచో రెక్కపై 2736 కిలోలు పడును. రెక్క విరుగకపోవచ్చును. కాని 3420 ÷ 2736 = 1.25. ఒకటిన్నర ఒకటింబావు అయినది. ఏ అతుకులోనో లోపముండిన యెడల ఆ మిగిలిన పావు కూడ చాలదు.

ఇసుకబస్తాల పరీక్ష

లెక్క సరియైనదో కాదో తెలిసికొనుటకు రెక్కలను తలక్రిందుగా అమర్చి పైన ఇసుకబస్తాలు పేర్చుదురు. ఆకాశమున గాలి పైకెత్తునట్లే ఇచట ఇసుక క్రిందికి వంచును. మన 600 కిలోల విమానములో రెక్కల బరువు 100 కిలోలనుకొందము. రెక్కల సొంత బరువును గాలి అక్కడికక్కడే మోయును గాన మొదలును వంచునది తక్కిన 500 కిలోలే. 500 × 3.8 = 1900. తలక్రిందుగా నున్న రెక్కల బరువే 100 కిలోలు క్రిందికి లాగును గనుక, ఇసుక 1800 కిలోలు, అనగా రెక్కకు 900 చొప్పున చాలును. బస్తాలను మొదట ఎక్కువగాను చివర తక్కువగాను పేర్చి, ప్రతి విడతకు రెక్క చివర ఎంత దిగినదో కొలుతురు. భారము తీసిన తరువాత కొన మొదటి గుర్తునకు రానిచో ఆ రెక్క పరీక్ష తప్పినట్లే.

వేగపు హద్దు

రెక్క పుట్టింపగల గరిష్ఠ భారము వేగపు వర్గముతో పెరుగును. గంటకు 70 కిలోమీటర్లకు తగ్గినచో గాలిలో నిలువలేని విమానమును తీసికొనుడు. 140 వద్ద ముక్కును గట్టిగా ఎత్తినచో భారము 4 రెట్లు కాగలదు. 210 వద్ద 9 రెట్లు! అది 5.7ను ఎంతో మించినది. కావున 3.8 రెట్లకు సరిపడు సుమారు 136 కిలోమీటర్ల వేగమును మించినపుడు చుక్కానులను మెల్లగా కదల్పవలెను.

వేగము మరీ హెచ్చినచో రెక్క తనంత తాను అదరి నిమిషములోపలనే విరిగిపోవుటయు గలదు. దీనిని ‘ఫ్లటర్’ అందురు. విడిభాగములుగా కొని ఇంట కూర్చుకొనుటకు వీలైన జోడియాక్ సి.హెచ్. 601 ఎక్స్.ఎల్. విమానములు కొన్ని ఆకాశముననే విరిగిపోగా, 2009 ఏప్రిల్‌లో అమెరికా రవాణా భద్రతా మండలి ఫ్లటరును శంకించి, వాని నెగురనీయరాదని సూచించెను. పిమ్మట రెక్కలను బలపరచి, వాని అంచున కదలు పలకలకు ప్రతిభారములు చేర్చిరి. ఇసుకబస్తాలకు నిలిచినంత మాత్రాన అన్ని అపాయములును తీరవని దీనివలన గ్రహింపవలెను.

సాహసము మెచ్చదగినదే. కాని కొలిచి, లెక్కించి, పరీక్షించి, ఆపై ఆ హద్దులో నిలుచుటయే విమానము కట్టువానికి తగిన సాహసము.

అభ్యాసము

1. ఎత్తు తగ్గకుండ 45 డిగ్రీలు ఒరిగి తిరుగు విమానపు భార గుణకమెంత?
2. 500 కిలోల విమానపు పరిమిత గుణకము 4.4. దాని అంత్య భారమెంత? బరువు 550 కిలోలైనచో పరిమిత గుణకము ఎంతకు దిగును?
3. మీ ఇంటిలోగాని పొలములోగాని భారము మోయు మూడు వస్తువులను చూచి, మొదట ఏ భాగము విరుగునో పెద్దలనడిగి వ్రాయుడు.

(జవాబులు: 1. సుమారు 1.41. 2. 3300 కిలోలు, 4.)