‘పిట్ట’ అనే మాట: మద్రాసు కోట నుంచి ఆస్ట్రేలియా అడవుల దాకా

(బి.యస్సీ., బి.జెడ్.సి., ద్వితీయ సంవత్సరం, స్వగ్రామం: చర్ల)

పిట్ట కొంచెం, కూత ఘనం అని మనవాళ్ళ సామెత. ఈ వ్యాసం పిట్ట కూతను గురించి కాదు, ‘పిట్ట’ అనే మాటను గురించి. ఆ మాట కూడా కొంచెమే, రెండే అక్షరాలు. కాని అది ప్రయాణం చేసిన దూరం మాత్రం ఘనమైనది.

జంతుశాస్త్రం చదివే మిత్రులకు శాస్త్రీయ నామాలంటే ఒక బెదురు ఉన్నది. అన్నీ లాటిను, గ్రీకు మాటలు. పరీక్ష ముందు రాత్రి బట్టీ పట్టడం, పరీక్ష అయినాక మరిచిపోవడం మనకు మామూలే. ఆ పేర్ల గుంపులో మన ఇంటి మాట ఒకటి ఉంటుందని మనం అనుకోం. కాని ఉన్నది. పక్షులలో ఒక కుటుంబం పేరు ‘పిట్టిడే’. అందులోని ముఖ్యమైన ప్రజాతి పేరు ‘పిట్టా’. ఇది లాటినూ కాదు, గ్రీకూ కాదు. మన తెలుగు పిట్టే.

పక్షి, పులుగు, పిట్ట

ముందు ఈ మూడు మాటల తేడా చూద్దాం. ‘పక్షి’ సంస్కృతం. పక్షం అనగా రెక్క. రెక్క గలది పక్షి. ‘పులుగు’ పాత తెలుగు మాట, తమిళంలోని ‘పుళ్’కు చుట్టం. ఇప్పుడది పుస్తకాల్లోనే మిగిలింది. వాడుకలో బతికి ఉన్నది ‘పిట్ట’. ఇది తెలుగుకు ఒక్కదానికే సొంతం కాదు. గోండి భాషలో ‘పిట్టె’ అంటారు. అంటే అడవికి ఆ పక్కా ఈ పక్కా ఉన్న మనుషులకు ఇది ఉమ్మడి మాట.

మనం ప్రతి పక్షినీ పిట్ట అనం. గద్దను గాని, కొంగను గాని, నెమలిని గాని పిట్ట అంటే పల్లెలో చిన్నపిల్లలు కూడా నవ్వుతారు. చిన్నదైతేనే పిట్ట. పాలపిట్ట, తేనెపిట్ట, వడ్రంగి పిట్ట, లకుముకి పిట్ట అని ముందు ఒక గుర్తు చేర్చి పిలుస్తాం. పిట్టగోడ, పిట్టకథ అనే మాటలలోనూ ఆ చిన్నతనమే ఉన్నది. ఆలోచించి చూస్తే, ఈ పద్ధతి శాస్త్రజ్ఞుల పద్ధతికి దూరమైనది కాదు. వాళ్ళు ప్రజాతి పేరు చెప్పి పక్కన జాతి పేరు చేరుస్తారు. మనం గుర్తు ముందు చెప్పి, వెనకాల పిట్ట అంటాం. అంతే తేడా.

1713లో అచ్చయిన తెలుగు పేరు

మద్రాసులోని సెయింట్ జార్జి కోటలో ఈస్టిండియా కంపెనీ వారికి ఎడ్వర్డ్ బక్లీ అనే వైద్యుడు ఉండేవాడు. ఆయన అక్కడి పక్షుల వివరాలు సేకరించి లండనులో మందుల వ్యాపారి, ప్రకృతి శాస్త్ర అభిమాని అయిన జేమ్స్ పెటివర్‌కు పంపాడు. జాన్ రే అనే ప్రసిద్ధ శాస్త్రజ్ఞుడు 1705లో చనిపోయినాక, ఆయన పక్షుల గ్రంథం 1713లో అచ్చయింది. దానికి అనుబంధంగా పెటివర్ ఈ మద్రాసు పక్షులను చేర్చాడు. భారతదేశపు పక్షులను గురించి యూరపులో అచ్చయిన తొలి వివరాలలో ఇవి కొన్ని.

ఆ అనుబంధంలో ఒక పక్షికి స్థానికుల పేరుగా ‘పొన్నంకి పిట్ట’ అని ఇంగ్లీషు అక్షరాలలో వేశారు. ఇప్పటికీ తెలుగు పుస్తకాలలో ఆ పక్షి పేరు పొన్నంగి పిట్టే! ఆ కాలంలో మద్రాసులో తెలుగు మాట్లాడేవారు చాలామంది ఉండేవారు గనుక అక్కడ తెలుగు పేరు దొరకడంలో వింత లేదు. వింతల్లా ఒక్కటే. దాన్ని విన్నవాడు తోసివేయకుండా రాసుకున్నాడు.

‘పొన్నంగి’కి అర్థమేమిటి? పొన్ను అంటే బంగారం, అంగి అంటే చొక్కా. బంగారు చొక్కా తొడుక్కున్న పిట్ట అని విడదీయాలని ఎవరికైనా అనిపిస్తుంది. దాని పొట్ట రంగు చూస్తే ఆ అర్థం చక్కగా అతుకుతుంది కూడా. కాని మిత్రులారా, అతికినంత మాత్రాన ఋజువైనట్టు కాదు. పంతొమ్మిదో శతాబ్దంలో జెర్డన్ అనే పక్షిశాస్త్రజ్ఞుడు ఇదే పేరును కొంచెం వేరుగా, ‘పొనఇంకి’ అని విన్నాడు. ‘పిట్ట’ సంగతి వేరు. దానికి 1713 నాటి సాక్ష్యం ఉన్నది. పేరు పుట్టుక చెప్పేటప్పుడు ఊహకూ సాక్ష్యానికీ ఉన్న ఈ తేడాను మరువరాదు.

కాకుల వరుస నుంచి సొంత ఇంటికి

1766లో లిన్నేయస్ ఈ పక్షిని కాకుల ప్రజాతిలో చేర్చి ‘కార్వస్ బ్రాకియూరస్’ అన్నాడు. గ్రీకులో బ్రాకిస్ అంటే పొట్టి, ఊరా అంటే తోక. అంటే పొట్టితోక కాకి! ఆకుపచ్చ వీపు, రెక్క మీద నీలి మచ్చ, తెల్లని గొంతు, తోక కింద ఎరుపు, కాటుక దిద్దినట్టు కంటి మీదుగా నల్ల చార ఉన్న పక్షికి కాకులతో చుట్టరికమేమిటి? 1816లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు వియేయో దీనికీ దీని బంధువులకూ వేరే ప్రజాతి ఏర్పరచి, దానికి ‘పిట్టా’ అని పేరు పెట్టాడు. అప్పటి నుంచి మన పొన్నంగి పిట్ట ‘పిట్టా బ్రాకియూరా’ అయింది. ముందు తెలుగు, వెనక గ్రీకు.

తరువాత ఆ పేరు కుటుంబం మొత్తానికి వచ్చింది. ఈ కుటుంబంలో నలభైకి పైగా జాతులు ఉన్నవి. ఆఫ్రికాలో ‘పిట్టా అంగోలెన్సిస్’, ఉత్తర ఆస్ట్రేలియాలో ‘పిట్టా ఐరిస్’ అని ఉన్నవి. 2006లో డీఎన్‌ఏ పరిశోధన మీద ఆధారపడి ఈ పక్షులను మూడు ప్రజాతులుగా విడదీశారు. అందులో రెండోదాని పేరు ‘ఎరిత్రోపిట్టా’. ఎరిత్రోస్ అంటే గ్రీకులో ఎరుపు. ఎర్రపిట్ట అన్నమాట! మన తాతలు పేరు పెట్టినా ఇలాగే పెట్టి ఉండేవారు.

మన భాష నుంచి ఇలా పోయిన మాట ఇదొక్కటే కాదు. రైతు బిడ్డలకు పందికొక్కును కొత్తగా పరిచయం చేయనక్కరలేదు. గట్లు తొలిచి, గాదెలు ఖాళీ చేసే ఆ జీవి పేరే ఇంగ్లీషులో ‘బాండికూట్’ అయింది. శాస్త్రంలో ‘బాండికోటా’ అయింది. తరువాత ఇంగ్లీషువారు ఆస్ట్రేలియాలో పొట్టసంచి గల వేరే జంతువులకు కూడా అదే పేరు తగిలించారు. ఆ జంతువులకూ మన పందికొక్కుకూ చుట్టరికం లేదు. పిట్ట, పందికొక్కు రెండూ సముద్రం దాటి ఆస్ట్రేలియా చేరాయి!

ఒకే పక్షి, పలు పేర్లు

పొన్నంగి పిట్ట వలస పక్షి. హిమాలయ పాదాల అడవుల్లోనూ మధ్య భారతంలోనూ గూడు కట్టి పిల్లలను చేస్తుంది. చలికాలం దక్షిణానికీ, సింహళానికీ దిగివస్తుంది. అది పోయిన ప్రతి చోటా ఒక పేరు వచ్చింది. హిందీలో ‘నవరంగ్’, అనగా తొమ్మిది రంగులది. తమిళంలో ‘ఆరుమణి కురువి’, అనగా ఆరు గంటల పిట్ట. పొద్దుటా సాయంత్రం ఆ వేళకే కూస్తుంది గనుక. సింహళ భాషలో ‘అవిచ్చియా’. ఇది కూతను బట్టి వచ్చిన పేరు. దాని చక్కని దుస్తులు నెమలి దొంగిలించిందనీ, అందుకే అలా మొర పెట్టుకుంటుందనీ అక్కడి జానపదుల కథ. లాటిను పేరు తోకను చూసింది, హిందీ పేరు రంగును చూసింది, తమిళం వేళను చూసింది, సింహళం గొంతు విన్నది. నాలుగు పేర్లూ కలిపితే ఆ పక్షిని గురించి ఒక పాఠమే అవుతుంది. ఊరి పేరు మోటుదని పక్కన పెడితే ఆ పాఠంలో ఒక పేజీ చినిగినట్టే.

పేరు తెలిసినవాడే పిట్టను చూపిస్తాడు

పల్లె పేరు విలువ తెలియాలంటే కలివికోడి కథ చాలు. 1848లో శాస్త్రానికెక్కిన ఈ పక్షి పంతొమ్మిదో శతాబ్దంలో మన భద్రాచలం, సిరోంచ ప్రాంతాల గోదావరి లోయలో కూడా నమోదయింది. 1900 తరువాత ఎవరికీ కనపడలేదు. అంతరించిపోయిందనుకున్నారు. 1986 జనవరిలో కడప జిల్లాలో మళ్ళీ దొరికింది. పట్టుకున్నది అక్కడి ఊరి మనిషి. రాత్రిపూట, టార్చిలైటు వెలుగులో. శాస్త్రజ్ఞులు దానికి ‘జెర్డన్స్ కోర్సర్’ అని జెర్డన్ పేరు పెట్టుకున్నారు. ఆ పేరులో పక్షి ఎక్కడ ఉంటుందన్న సంగతి లేదు. ‘కలివికోడి’లో ఉన్నది: కలివి పొదల నడుమ తిరిగే కోడి.

మా చర్ల ప్రాంతంలో తాలిపేరు పక్కన పొలాలు, పొలాలు దాటితే అడవి, అడవి దాటితే ఛత్తీస్‌గఢ్. ఒకే పిట్టకు పొలంలో తెలుగు పేరు, అడవిలో కోయ పేరు. మిరపకాయ కోతకు వచ్చే కోయ పెద్దమ్మలకు ఏ కూత ఏ పిట్టదో తల ఎత్తకుండానే తెలుసు. వారి మనవలు హాస్టళ్ళలో చదువుకుంటున్నారు. వారికి ‘కింగ్‌ఫిషర్’ తెలుసు, అవ్వ చెప్పే పేరు తెలియదు. నా సంగతీ అంతే. మా నాయన పది పిట్టల పేర్లు చెబితే నాకు నాలుగు తెలుసు. రాసిపెట్టని పేరు చెప్పినవారితోనే పోతుంది.

అందుకని నాదొక మనవి. మన కళాశాలలో ప్రతి మండలం నుంచీ విద్యార్థులున్నారు. సెలవులకు ఇంటికి పోయినప్పుడు ఒక నోటుపుస్తకం తీసుకుపొండి. తొమ్మిది గళ్ళు గీయండి: పిట్ట పేరు, చెప్పినవారు, వారి ఊరు, భాష, తేదీ, పిట్ట రంగు, కూత, ఉండే చోటు, ఆ పేరు ఎందుకు వచ్చిందని వారు అంటారో ఆ మాట. కోయ మాటను తెలుగు లిపిలో విన్నది విన్నట్టు రాయండి. మన ఉచ్చారణకు దిద్దవద్దు. అర్థం తెలియకపోతే ఆ గడి ఖాళీగా ఉంచండి, ఊహతో నింపకండి. శాస్త్రీయ నామం తరువాత మన లెక్చరర్లతో కూర్చుని పోల్చుకోవచ్చు.

చెప్పినవారి పేరు రాయడం మాత్రం మరువవద్దు. 1713 నాటి ఆ పుస్తకం వల్ల బక్లీ పేరు నిలిచింది, పెటివర్ పేరు నిలిచింది, పిట్ట పేరు ఖండాలు దాటింది. మద్రాసులో ‘అయ్యా, ఇది పొన్నంగి పిట్ట’ అని చెప్పిన తెలుగువాని పేరు నిలవలేదు. ఆయన చెప్పకపోతే ఆ కుటుంబానికి ఈ పేరే లేదు. ఈసారి ఆ లోటు మన నోటుపుస్తకాలలో రాకుండా చూసుకుందాం.