దీపస్తంభము నేర్పిన పాఠము

చదువవలసిన భాగములు: మత్తయి 5:14–16, నిర్గమకాండము 27:20–21



మొన్నటి వేసవి సెలవులలో, వేదాంత పాఠశాలలో మాతోకూడ చదివిన ఇద్దరు స్నేహితులతోను వారి పిల్లలతోను కలిసి, విజయనగరం జిల్లాలోని చింతపల్లి సముద్రతీరమునకు వెళ్లితిమి. పొడవైన యిసుక తీరము, ఒడ్డుకు లాగి పెట్టిన పడవలు, వాటి ప్రక్కన ఆరవేసిన వలలు, వీటన్నిటికి పైగా ఎత్తున నిలిచిన దీపస్తంభము చూడముచ్చటగా నుండెను. కట్టుకొని వెళ్లిన పులిహోర తిని, ఎండ చల్లబడిన తరువాత ఆ స్తంభము దగ్గరకు నడిచితిమి.

“సముద్రము ఇంత నెమ్మదిగా ఉన్నది గదా, ఇక్కడ దీపమెందుకు?” అని మా స్నేహితుని చిన్న కుమార్తె అడిగెను. మంచి ప్రశ్నయే. పైకి నెమ్మదిగా నున్నను, ఆ తీరమున కెదురుగా నీటిలో బండలు దాగియున్నవి. ఓడల పటములలో వాటికి శాంతపిల్లి బండలని పేరు. భీమునిపట్నము రేవునకు వచ్చు ఓడలు వాటికి తగిలి పగిలిపోకుండ 1847లో అక్కడ దీపస్తంభము కట్టిరి. అందము కొరకు కాదు, ప్రాణరక్షణ కొరకే అది పుట్టినది.

మన తెలుగు బైబిలులో మత్తయి 5:15నందు దీపము నుంచు పీటకు వాడిన మాటయు “దీపస్తంభము” అనునదే. కనుక ఆ సాయంకాలము మేము నేర్చుకొన్న రెండు సంగతులు మీతో చెప్పగోరుచున్నాము.

1. దీపము చిన్నదైనను చాలును.

ఇంగ్లాండు దక్షిణ తీరమునకు ఎదుట ఎడ్డిస్టోన్ అను బండమీద జాన్ స్మీటన్ కట్టిన స్తంభము 1759లో వెలిగెను. అందులో నున్నవి 24 క్రొవ్వొత్తులు మాత్రమే! తరువాత 1823లో ఫ్రాన్సు దేశపు ఫ్రెనెల్ అను శాస్త్రజ్ఞుడు గాజు ముక్కలను వలయములుగా అమర్చిన అద్దమును మొదటిసారి ఒక దీపస్తంభములో పెట్టించెను. నలుదిక్కుల చెదరిపోవు వెలుగును ఆ అద్దము కూర్చి సముద్రము వైపు పంపును. దీపము పెద్దది కాలేదు. దాని వెలుగు వృథా కాకుండ పోయినది. “మేము చదువు లేనివారము, మావలన ఏమగును?” అను సంఘస్థులు దీనిని ఆలోచింపవలెను.

2. దీపము మారకూడదు.

దీపస్తంభములన్నియు ఒకే రీతిగా వెలుగవు. వెలుగునకు చీకటికి మధ్యనుండు కాలము ఒక్కొక్క దానికి ఒక్కొక్క విధముగా ఏర్పరచియుందురు. నావికుడు ఆ కాలమును లెక్కించి, “ఇది ఫలాని తీరము” అని తెలిసికొనును. ఒక రాత్రి ఒక రీతిగా, మరియొక రాత్రి మరియొక రీతిగా వెలిగిన దీపము, అసలు దీపము లేకపోవుటకంటె అపాయకరము.

ఒడ్డున వల బాగుచేసికొనుచున్న ఒక ముసలి జాలరిని, “ఇప్పుడు దారి చూపు యంత్రములు వచ్చినవి గదా, ఈ దీపముతో మీకింకను పని యున్నదా?” అని అడిగితిమి. అతడు నవ్వి, “యంత్రం ఆగిపోయినప్పుడు దీన్నే చూస్తాం బాబూ. ఇది మమ్మల్ని ఒడ్డుకి లాగదు, తెడ్డు మేమే వెయ్యాల. కాని నిన్న ఎలా ఎలిగిందో నేడూ అలాగే ఎలుగుతాది. అందుకే నమ్మినాం” అనెను.

ఆ మాట మా హృదయములో గ్రుచ్చుకొనెను. కారణము మీయెదుట దాచము. గత వర్షాకాలములో ఒక బుధవారము రాత్రి గట్టి వాన కురిసెను. ఈ వానలో ప్రార్థనకు ఎవరు వత్తురని తలంచి, మేము గుడి తలుపు తీయలేదు, దీపము వెలిగింపలేదు. ఒక వృద్ధ సహోదరి బురదలో నడిచి వచ్చి, చీకటి గుడియెదుట కొంతసేపు నిలిచి తిరిగి వెళ్లెనట. ఆమె కుమారుడు ఇంటిలో తగవుపడి ఊరు విడిచిపోవుటకు సిద్ధపడగా, అతనికి నచ్చజెప్పుడని మమ్మును అడుగవలెనని వచ్చినది. తెల్లవారు బస్సుకు అతడు వెళ్లిపోయెను. నేటికిని తిరిగి రాలేదు. “వానగదా అయ్యగారూ, మీకేమి తెలుసు” అని ఆమె మమ్మును క్షమించినది. మేము ఆ రాత్రిని మరువలేకున్నాము.

అహరోనును అతని కుమారులును సాయంకాలము మొదలుకొని ఉదయమువరకు దీపమును సవరింపవలెనని దేవుడు ఆజ్ఞాపించెను. ఎందరు వచ్చిరో లెక్కచూచి వెలిగించుమని ఆయన చెప్పలేదు. కావలివాడు ఓడను చూడకయే దీపము వెలిగించును. ఓడలోనివాడు కావలివాని ఎరుగకయే ప్రాణము దక్కించుకొనును. మీ యింటి కుటుంబప్రార్థన, పొరుగువారికి మీరిచ్చిన మాట, సంతలో మీ తూకము, ఇవన్నియు ఎవరో దూరమునుండి చూచుచున్న దీపములే.

ఆ దినమునుండి వానయైనను ఎండయైనను బుధవారము మన గుడిలో దీపము వెలుగుచున్నది. కొన్ని రాత్రులు మేమొక్కరమే కూర్చుండియున్నాము. అయినను ఆర్పము. ఆ తల్లి కుమారుడు ఏ రాత్రి బస్సు దిగునో మనకు తెలియదు గదా.

కూటములలో మాటలాడుకొనుటకు ప్రశ్నలు

1. మన యూరిలో పైకి కనబడని బండలు ఏవి? వాటినిగూర్చి యౌవనస్థులను ఎవరు హెచ్చరించుచున్నారు?
2. ఎవరును రారని మనము మానివేసిన మంచి పని ఏది?
3. ఈ నెలలో మరల వెలిగింపవలసిన దీపము మన యింటిలో ఏది?